రెండు భాషల పుస్తకాన్ని సగమే తెరుస్తున్నామా?

వేసవి సెలవులు ముగిసి జూన్‌లో బడులు తెరిచేసరికి మన సంఘాల్లోని పిల్లల చేతికి కొత్త సంచి, కొత్త పుస్తకాలు వస్తాయి. పామర్రులో గాని, పక్కనున్న మొవ్వ, గుడివాడ, పెదపారుపూడి మండలాల్లో గాని సర్కారు బడిలో చదివే పిల్లవాడి లెక్కల పుస్తకమో, సామాన్య శాస్త్రం పుస్తకమో తెరిచి చూడండి. ఒక పేజీలో పాఠం ఇంగ్లీషులో ఉంటుంది. ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. బొమ్మ ఒకటే, లెక్క ఒకటే, ప్రశ్నల వరుస కూడా ఒకటే. ఇంత పెద్ద ఎత్తున రెండు భాషల పుస్తకాలను పేద పిల్లల చేతిలో పెట్టిన ప్రభుత్వాలు ప్రపంచంలో ఎక్కువ లేవు.

అయితే ఆ పుస్తకం పూర్తిగా తెరుచుకుంటున్నదా? తెలుగు పేజీ ఉన్నందుకు చిన్నబుచ్చుకునే తల్లిదండ్రులు మన సంఘాల్లోనే ఉన్నారు. "ఇంగ్లీషు మీడియం అన్నారుగా, మళ్ళీ ఈ తెలుగెందుకు?" అని వారి ప్రశ్న. కొన్ని తరగతి గదుల్లో ఇంగ్లీషు పేజీ పైకి చదివి వదిలేస్తారు. మరికొన్నింటిలో తెలుగు పేజీ మాత్రమే చెప్పి, పరీక్షలు దగ్గరపడగానే గైడులోని ఇంగ్లీషు జవాబులు బట్టీ పట్టిస్తారు. మొదటి పద్ధతిలో పిల్లవాడికి పాఠం అర్థం కాదు. రెండో పద్ధతిలో ఇంగ్లీషు రాదు. రెండు పేజీలూ ఉన్న పుస్తకం చేతిలో ఉండి కూడా రెండు భాషలూ సగం సగమే వస్తున్నాయంటే లోపం పుస్తకంలో లేదు, దాన్ని మనం వాడుతున్న తీరులో ఉంది. ఈ వారం ఆ విషయమే సంఘాల ముందు ఉంచదలిచాము.

ఈ పుస్తకం ఎలా వచ్చింది?

2019 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం 81, 85 నంబర్ల జీవోలు ఇచ్చి, సర్కారు బడులన్నిటినీ ఇంగ్లీషు మీడియంలోకి మార్చాలని నిర్ణయించింది. తెలుగు ఒక సబ్జెక్టుగా మాత్రం తప్పనిసరిగా ఉంటుందన్నది. దానిపై కోర్టుకు వెళ్ళినవారి వాదనలు విని, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు ఆ రెండు జీవోలనూ కొట్టివేసింది. ప్రభుత్వం తల్లిదండ్రుల అభిప్రాయం సేకరించి, 96 శాతానికి పైగా ఇంగ్లీషు మీడియమే కోరుకున్నారని ప్రకటించింది, సుప్రీం కోర్టుకూ వెళ్ళింది. ఈ వాదాలు సాగుతుండగానే 2020-21లో 1 నుంచి 6 తరగతుల వరకు రెండు భాషల పుస్తకాలు వచ్చాయి. వాటిని పిల్లలకు అందించిన విద్యాకానుక పథకం ఆ ఏడాది అక్టోబరు 8న మన కృష్ణా జిల్లాలోనే, కంకిపాడు మండలం పునాదిపాడు ఉన్నత పాఠశాలలో మొదలైంది. తర్వాత ఏటేటా ఒక్కో తరగతి పైకి వెళ్తూ 2024-25 నాటికి ఈ పద్ధతి పదో తరగతికి చేరింది. ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది, కానీ రెండు భాషల పుస్తకం మాత్రం నిలిచింది. తెలంగాణ కూడా 2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పుడు ఇదే తరహా పుస్తకాలు అచ్చు వేసింది.

చట్టం ఏమంటున్నదో కూడా తెలుసుకోవాలి. 2009 నాటి విద్యా హక్కు చట్టం, సాధ్యమైనంతవరకు బోధన మాతృభాషలో ఉండాలంటుంది. 2020 జాతీయ విద్యా విధానం కనీసం 5వ తరగతి వరకు, వీలైతే 8వ తరగతి వరకు ఇంటి భాషలో చెప్పాలంటూనే, లెక్కలకూ విజ్ఞాన శాస్త్రానికీ మంచి ద్విభాషా పుస్తకాలు తయారు చేయాలని చెప్పింది. ఇంకోవైపు, ఏ మాధ్యమంలో చదవాలన్నది తల్లిదండ్రుల ఇష్టమని, దాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దకూడదని 2014లో సుప్రీం కోర్టు కర్ణాటక కేసులో తీర్పు ఇచ్చింది. అంటే పిల్లవాడికి అర్థమయ్యే భాషలో పాఠం చెప్పాలన్నది ఒక ధర్మం, తల్లిదండ్రుల కోరికను మన్నించాలన్నది ఇంకో ధర్మం. ఈ రెండింటినీ ఒకే అట్ట మధ్య నిలిపే ప్రయత్నమే ఈ పుస్తకం.

ఇంగ్లీషు అడిగిన తల్లిని తప్పు పట్టలేము

తెలుగు చచ్చిపోతున్నదని బాధపడేవారి మాటలో నిజం ఉంది. మనది మామూలు ప్రాంతం కాదు. పక్కనే కూచిపూడి, క్షేత్రయ్య ఊరు మొవ్వ, మన మండలంలోనే ఎన్టీ రామారావు గారి నిమ్మకూరు. తెలుగు మీద అభిమానం ఇక్కడ ఒకరు నేర్పవలసినది కాదు. కానీ ఆ బాధ వెలిబుచ్చే పెద్దల్లో చాలామంది తమ బిడ్డలను, మనవలను ఏ మాధ్యమంలో చదివించారో ఊరందరికీ తెలుసు. పచ్చబస్సు ఎక్కి కాన్వెంటుకు వెళ్ళగలిగిన పిల్లవాడికి ఇంగ్లీషు, ఫీజు కట్టలేని కూలివాడి బిడ్డకు భాషాభిమానం అంటే అది న్యాయం అనిపించుకోదు.

ఈ తేడాకు మన జిల్లాలో పాత చరిత్ర ఉంది. 1843లో రాబర్ట్ నోబుల్ దొర బందరులో బడి పెట్టినప్పుడు అది ముఖ్యంగా పై కులాల పిల్లలకు ఇంగ్లీషు చదువు చెప్పడానికే ఉద్దేశించింది. ఆ తర్వాత కొన్నేళ్ళకు రాఘవాపురం వైపు పల్లెల్లో మాలవారు సువార్త వినడం మొదలుపెట్టాక, వారి కోసం వెలసిన చిన్న బడుల్లో తెలుగు అక్షరాలు నేర్పారు. ఆ తెలుగు అక్షరాలు చిన్న సంగతి కాదు. ఊరి బడి గడప తొక్కనివ్వని మనిషి సొంతంగా పుస్తకం తెరిచి చదవడం అప్పటినుంచే సాధ్యమైంది. మన తాతముత్తాతల చదువు ఆ తెలుగుతోనే మొదలైంది. అయినా కోర్టు, కచేరీ, ఉద్యోగం ఇంగ్లీషు వచ్చినవారి చేతుల్లోనే ఉండిపోయాయి. ఆ జ్ఞాపకం మన ఇళ్ళలో ఇంకా చెరిగిపోలేదు. పామర్రు నియోజకవర్గం ఎస్సీలకు కేటాయించినది. ఇక్కడి పేటల్లో తల్లి "నా కొడుక్కి ఇంగ్లీషు కావాలి" అంటే అది మోజు కాదు. తనకు మూసిన తలుపు కొడుక్కి తెరుచుకోవాలన్న ఆశ. ఆ ఆశను మేము పూర్తిగా గౌరవిస్తున్నాము.

అందుకే మా ప్రశ్న ఇంగ్లీషు కావాలా వద్దా అన్నది కాదు. ఆ తల్లి కోరుకున్న ఇంగ్లీషు ఆమె బిడ్డకు నిజంగా అందుతున్నదా అన్నదే.

2025 మార్చి పదో తరగతి పరీక్షలు చూడండి. 2020-21లో ఆరో తరగతిలో రెండు భాషల పుస్తకం అందుకున్న పిల్లలు ఆ ఏడాది పదికి వచ్చారు. పరీక్ష ఇంగ్లీషు మీడియంలోనే అనుకున్నా, ఇబ్బంది గమనించి ఆ ఏడాదికి తెలుగులోనూ రాసే వెసులుబాటు ఇచ్చారు. రాష్ట్రం మొత్తం మీద 50 వేల మందికి పైగా తెలుగునే ఎంచుకున్నారు. వీరిని వెనుకబడినవారని తీసిపారేయడం తేలిక. కానీ తమకు తెలిసినది తెలిసినట్టు చెప్పడానికి వారికి ఆ భాష అవసరమైంది. ఇంగ్లీషులో రాసిన మిగతా లక్షల మందిలో ఎందరు అర్థం చేసుకుని రాశారో, ఎందరు బట్టీ పట్టి రాశారో మార్కుల జాబితా చెప్పదు. ఇంటర్‌లో చేరాక పాఠం అందక మానేసే పిల్లలు మాత్రం చెబుతారు.

మయామీ బడి నుంచి ఒక పాఠం

రెండు భాషల చదువు మన దగ్గరే పుట్టినది కాదు. క్యూబా విప్లవం తర్వాత అమెరికాలోని మయామీకి వేలాది కుటుంబాలు వలస వచ్చాయి. వారి పిల్లలకు స్పానిష్ తప్ప మరో భాష రాదు. 1963లో అక్కడి కోరల్ వే అనే ప్రాథమిక పాఠశాల ఒక కొత్త పని చేసింది. స్పానిష్ పిల్లలనూ ఇంగ్లీషు పిల్లలనూ ఒకే బడిలో చేర్చి, రోజులో కొంత భాగం స్పానిష్‌లో, కొంత భాగం ఇంగ్లీషులో పాఠాలు చెప్పింది. ఎవరి ఇంటి భాషనూ తక్కువ చేయలేదు. తర్వాత కాలిఫోర్నియా రాష్ట్రం 1998లో ఓటింగు పెట్టి, ఇలాంటి చదువును చాలావరకు ఆపేసి ఇంగ్లీషు ఒక్కటే అన్నది. 2016లో మళ్ళీ ఓటింగు పెట్టి ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకున్నది. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్న దేశంలో కూడా ఇంటి భాషను పక్కకు నెట్టి ఇంగ్లీషు నేర్పడం అనుకున్నంత తేలిక కాలేదు.

టొరంటోలో పనిచేసిన జిమ్ కమ్మిన్స్ అనే పండితుడు దీనికి కారణం వివరించాడు. వలస వచ్చిన పిల్లవాడు ఆటస్థలంలో మాట్లాడే ఇంగ్లీషు రెండేళ్ళలో పట్టేస్తాడు. పాఠం చదివి, ఆలోచించి, జవాబు రాసే ఇంగ్లీషు రావడానికి మాత్రం ఐదు నుంచి ఏడేళ్ళు పడుతుంది. ఈలోగా పాఠం ఆగకూడదంటే ఇంటి భాష కావాలి. ఇంటి భాషలో బాగా అర్థమైన విషయం రెండో భాషలోకి తేలికగా దాటుతుంది.

ఇక్కడ ఒక తేడా మరువకూడదు. కోరల్ వే పిల్లవాడికి పక్క బెంచీలో ఇంగ్లీషు మాట్లాడే స్నేహితుడు ఉన్నాడు. వీధిలో, దుకాణంలో, టీవీలో ఇంగ్లీషు ఉంది. మన పిల్లవాడికి తరగతి గది గడప దాటితే ఇంగ్లీషు లేదు. పక్క బెంచీలో కూడా తెలుగు పిల్లవాడే. కాబట్టి అక్కడ ఐదారేళ్ళు పట్టేది ఇక్కడ ఇంకా ఎక్కువే పడుతుంది. ఒకటో తరగతిలోనే అంతా ఇంగ్లీషులో చెప్పేస్తే త్వరగా వస్తుందనుకోవడం, నారుమడి పోయకుండానే ఊడ్పులకు దిగడం లాంటిది.

ఇంకో చిత్రం చూడండి. మన కూచిపూడిలో ఆసుపత్రి కట్టించిన సిలికానాంధ్ర సంస్థే 2007 నుంచి మనబడి పేరుతో అమెరికాలోని మన పిల్లలకు తెలుగు నేర్పుతున్నది. వారం పొడుగునా ఇంగ్లీషు బడికి వెళ్ళే ఆ పిల్లలను వారాంతంలో తల్లిదండ్రులు కారెక్కించి తెలుగు బడికి తీసుకువెళ్తున్నారు. ఇంగ్లీషు పూర్తిగా దక్కినవారు పోగొట్టుకున్న తెలుగు కోసం వెతుక్కుంటున్నారు. మన ఇంట్లో ఉచితంగా ఉన్నదాన్ని మనం సిగ్గుపడి దాచుకుంటున్నాము.

తెలుగు పేజీ కూడా కష్టమే, మరి?

ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఆ తెలుగు పేజీ కూడా మన పిల్లలకు పూర్తిగా అర్థమయ్యే తెలుగు కాదు. సైన్సు పుస్తకంలో ఇంగ్లీషు వైపు ఆస్మాసిస్ అని ఉంటే, తెలుగు వైపు ద్రవాభిసరణం అని ఉంటుంది. పామర్రు పిల్లవాడికి రెండూ కొత్తే. కానీ వాళ్ళమ్మ ఎండాకాలంలో మాగాయ పెట్టేటప్పుడు మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట దిగడం వాడు చూశాడు. ముక్కలోని నీరు ఉప్పు వైపు ఎందుకు వచ్చిందని మాస్టారు అడిగితే పాఠం సగం అయిపోయినట్టే. ఆ తర్వాత ద్రవాభిసరణం అన్నా, ఆస్మాసిస్ అన్నా ఆ ఊట గుర్తుకొస్తుంది.

లెక్కల్లో దశాంశాలూ అంతే. ఎకరం పాతిక సెంట్లు అంటే డెల్టాలో చదువురాని రైతుకు కూడా తెలుసు. ఎకరానికి వంద సెంట్లు కాబట్టి అది 1.25 ఎకరాలు. బస్తాకు 75 కిలోల లెక్కన కళ్ళంలో ధాన్యం తూచడం చూసిన పిల్లవాడికి గుణకారం కొత్త కాదు. పుస్తకంలోని రెండు భాషలకూ ఈ ఇంటి మాట, పొలం మాట వంతెన. ఆ వంతెన వేయగలిగింది పుస్తకం కాదు, ఉపాధ్యాయుడే. తాను తెలుగు మీడియంలో చదివి, ఒక్కసారిగా ఇంగ్లీషులో చెప్పమంటే బిగుసుకుపోయిన ఉపాధ్యాయుడికి ఆ ధైర్యం, శిక్షణ ప్రభుత్వమే ఇవ్వాలి. తరగతిలో తెలుగు మాట్లాడటం నేరం కాదని ముందు ఆయనకు చెప్పాలి.

ప్రభుత్వాన్ని అడగవలసినవి

మేము అడిగేవి పెద్ద కోరికలు కావు. మొదటిది, ఒక్క ఏడాది వెసులుబాటుగా కాకుండా, పదో తరగతి వరకు ప్రశ్నపత్రం కూడా పుస్తకంలాగే రెండు భాషల్లో ఉండాలి. పిల్లవాడు తనకు వచ్చిన భాషలో జవాబు రాసే హక్కు నిలవాలి. రెండు భాషల్లో చదివించి ఒక్క భాషలో పరీక్ష పెడితే రెండో పేజీని ఎవరూ తెరవరు. రెండోది, ప్రాథమిక బడిలో తరగతికి ఒక ఉపాధ్యాయుడు ఉండాలి. ఒకరే ఐదు తరగతులు చూసే చోట ఒక భాషలో చెప్పడమే గగనం, రెండు భాషలు ఎలా సాగుతాయి? 2025లో 117 నంబరు జీవోను పక్కనపెట్టి, మోడల్ ప్రైమరీ స్కూళ్ళలో తరగతికొక టీచరు అన్నారు. చిన్న ఊళ్ళ బడులకు కూడా ఆ మేలు చేరాలి. మూడోది, ఇంగ్లీషును సబ్జెక్టుగా బాగా నేర్పాలి. వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం వరుసగా రావాలి. ఇంగ్లీషు పీరియడులో రాని ఇంగ్లీషు సైన్సు పీరియడులో రాదు.

సంఘంగా మనం చేయగలిగినవి

ప్రభుత్వం చేసేవరకు కూర్చోనక్కరలేదు. ఇంగ్లీషు ఒక్కటే ఉన్న పుస్తకం ఇంటికి వస్తే, తెలుగు మాత్రమే చదవగలిగిన తల్లి బిడ్డ చదువుకు పరాయిదవుతుంది. ఎదుటి పేజీలో తెలుగు ఉంటే ఆమె పక్కన కూర్చుని "ఇదేంటిరా, చెప్పు" అని అడగగలదు. తెలుగు పేజీ విలువ అక్కడే ఉంది. అసలు చదువే రాని తల్లి అయితే బిడ్డతో తెలుగు పేజీ పైకి చదివించుకుని వినవచ్చు. తల్లికి అర్థమయ్యేలా చెప్పగలిగిన పిల్లవాడికి పాఠం వచ్చినట్టే. రోజుకు అరగంట చాలు. ముందు తెలుగు పేజీ, తర్వాత ఇంగ్లీషు పేజీ, చివరికి పాఠంలోని ఐదు మాటలు రెండు భాషల్లో నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఏడాది తిరిగేసరికి ఆ నోటుపుస్తకమే వాడి సొంత నిఘంటువవుతుంది.

వారంలో ఆరు రోజులు తాళం వేసి ఉండే మందిరాలు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. సాయంత్రం గంటన్నర తెరిచి, ఒక లైటు, ఒక బోర్డు ఉంచి, మన సంఘంలో డిగ్రీ, బీటెక్ చదివే అన్నలను, అక్కలను పిలిస్తే చాలు. ఏ మతం పిల్లవాడు వచ్చినా కూర్చోబెట్టాలి. ఇది ట్యూషన్ వ్యాపారం కాకూడదు, వచ్చిన పిల్లవాడికి బోధ చేయడానికి వల కూడా కాకూడదు. వాడు తెచ్చిన పాఠం వాడికి అర్థమైతే చాలు. బడుల్లో జరిగే మెగా పేరెంట్ టీచర్ మీటింగులకు మన తల్లులు ఫొటోల కోసం కాక, ప్రశ్నలు అడగడానికి వెళ్ళాలి. "మా వాడికి తెలుగు పేజీ కూడా చెబుతున్నారా అండి?" అన్న ఒక్క ప్రశ్న చాలా పని చేస్తుంది.

చదవడం, అర్థం కావడం ఒకటి కాదని మన గ్రంథమే చెబుతున్నది. నెహెమ్యా గ్రంథం 8వ అధ్యాయంలో ఎజ్రా నీటి గుమ్మం ఎదుట ధర్మశాస్త్రం చదివినప్పుడు, లేవీయులు జనం మధ్య నిలిచి దాని భావం విడమరిచి చెప్పారు. జనం ముందు ఏడ్చారు, తర్వాత తమకు చెప్పిన మాటలు గ్రహించినందుకు సంతోషించారు. ఒక భాషలో చదివి, జనానికి తెలిసేలా వివరించడం అక్కడ అవమానం కాలేదు. మన బడి పిల్లవాడి పక్కన కూడా అలా నిలిచి అర్థం చెప్పే మనిషి ఒకరు కావాలి. అది మాస్టారు కావచ్చు, అమ్మ కావచ్చు, ఎదురింటి డిగ్రీ అమ్మాయి కావచ్చు.

ఇంగ్లీషు కావాలన్న మన తల్లుల పట్టుదల సడలకూడదు. ఆ ఇంగ్లీషు బిడ్డకు నిజంగా రావాలంటే తెలుగు పేజీని మూయకూడదు. ఈ జూన్‌లో పుస్తకం చేతికి వచ్చినప్పుడు రెండు పేజీలూ తెరిచి ఉంచండి. ఏడాది చివర రెండూ సమానంగా నలిగి, చెమట మరకలు పడి కనిపిస్తే మన పిల్లలు చదివినట్టు లెక్క.